నాలుగో సీసా

మంగమారిపేట రాళ్ళ దగ్గర, ఆటు దిగిన పొద్దు,
గరికిన పెంటయ్య నీళ్ళలోంచి తల ఎత్తి
నా అరచేతిలో పెట్టాడు:
మామిడిపిందంత స్పంజి, లేత ఊదారంగు,
తాకితే నానిన అటుకుల మెత్తన.

యూనివర్సిటీ గదిలో ఏసీ గురక పెడుతుంటే
బ్లేడుతో పలచగా కోసి మైక్రోస్కోపు కింద ఉంచాను.
ఆకాశం, చుక్కలు అని రాయబోయి కొట్టేశాను.
అవి పోగులు.
పొందూరు రాట్నం మీంచి తెగిపడ్డట్టు,
పచ్చకీ నీలానికీ నడుమ
ఇంకా ఎవరూ పిలవని రంగులో.

ఎండ తిని స్పంజికి అన్నం పెట్టేవి అవే.
ఎవరింట్లో ఎవరు అద్దెకున్నారో
ఇద్దరికీ పట్టదు.

జన్యువులు చదివించాం.
దగ్గరి చుట్టంతో పోలిక తొంభై మూడు శాతం,
అంటే చుట్టం కాదన్నట్టే.
సార్ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ తుడిచి
"పెంచి చూపించు" అన్నారు.

మొదటి సీసా ఆరో రోజున తెల్లబడింది.
రెండోది కరెంటు పోయిన రాత్రి.
మూడోది ఎందుకు పోయిందో
నోటుబుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఖాళీ.
నాలుగోదానికి
స్పంజి నానిన నీళ్ళు చెంచాడు కలిపాను, అంతే.
నలభై రోజులకి సీసా అంచున
పచ్చటి గీత.

ఇప్పుడు పేరు కావాలట.
లాటిన్‌లో, తోక తప్పు పోకుండా.
ఒకరు ఊరి పేరన్నారు, ఒకరు రంగు పేరన్నారు,
సార్ తన గురువుగారి పేరు చీటీ మీద రాసి
ఏమీ అనకుండా జరిపారు.

వల కుట్టుకుంటున్న పెంటయ్యని అడిగాను.
తల ఎత్తలేదు.
"మూడు సచ్చిపోనాక నాలుగోదేటి?
నా ముందరా ముగ్గురు పోనారమ్మా.
నన్ను పెంటకుప్ప మీద పొర్లించి ఈ పేరెట్టినారు.
మా తమ్ముణ్ణి చేటెడు తవుడుకి అమ్మీసి కొనుక్కున్నారు,
ఆడు తవుడు.
ఇద్దరం ఉన్నాం కదా.
మంచి పేరెట్టీసినావనుకో,
ఎవుడో ఒకుడు ఎతుక్కుంటూ వచ్చీగలడు."

యముడని అతను అనలేదు.
మందుల కంపెనీ అని నేనూ అనలేదు.
దారం పళ్ళతో కొరికి తెంపాడు.

ఫారంలో పేరు గడి అలాగే ఉంది.
సీసా మీద మాత్రం మార్కరుతో రాశాను:
పెంట-4.
పొద్దున్న చూస్తే గీత
వెంట్రుకవాసి పైకి పాకింది.

ఎవరికీ చెప్పలేదు.