గుడి కట్టని పళ్లెం

ఐవిన్ పందులకు ఏ జబ్బూ లేదు.
అందుకే వెళ్లాను.
జబ్బు పడ్డవాటి దగ్గరికి పశువైద్యుడు వెళ్తాడు,
బాగున్నవాటి దగ్గరికి నేను.

నవంబరు. మోర్స్ దీవి మీద
ఎనిమిదైనా సరిగా తెల్లారలేదు.
లిమ్‌ఫ్యోర్డ్ మీంచి వచ్చిన గాలి
కారు తలుపును నా చేతిలోంచి లాక్కుంది.
ఇక్కడ లోపలికి పోవాలంటే మడి కట్టుకోవాలి:
ఒంటిమీది బట్టలు ఒక గదిలో,
స్నానం ఇంకో గదిలో,
ఆవల వాళ్లిచ్చిన నీలం ఓవరాల్,
ఎవరివో, రెండు సైజులు పెద్ద బూట్లు.
నా జుట్టు ఆరేలోగా వియోరికా
నలభై దూది పుల్లలూ పేర్చి పెట్టింది.
రుమేనియా నుంచి వచ్చి ఆరేళ్లట.
పందుల్ని తన భాషలోనే తిడుతుంది,
డేనిష్ కంటే ఆ తిట్లకే అవి బాగా కదుల్తాయి.

గులాబి వీపులు. తడి ముక్కులు.
ఓవరాల్ అంచు నములుతూ ఒకటి.
తోక ఎత్తడం, పుల్ల తిప్పడం, గొట్టంలో పెట్టడం, అంకె వేయడం.
పదిహేడోది నా చేతి మీద పెంట వేసి
ఏమీ ఎరగనట్టు మేతకు పోయింది.
ఇంత ఆరోగ్యం నేను మనుషుల్లో చూడలేదు.

నలభై ఒకటో పుల్ల నాది.
పోల్చి చూడ్డానికి. నియమం అది.
స్నానాల గదిలో, గడియ పెట్టుకుని.

ల్యాబులో, గాజు పళ్లెంలో
గట్టిపడ్డ జావ మీద వాటిని పలచగా అలికి
గుండీకంటే చిన్న మందు బిళ్లలు దూరం దూరంగా పెడతాం.
రాత్రంతా వెచ్చగా ఉంచితే
మందు పాకినంత మేర ఏదీ మొలవదు.
బిళ్ల చుట్టూ తేటగా ఒక వలయం,
చందమామకు గుడి కట్టినట్టు.
దగ్గర గుడి దూరం వాన,
దూరం గుడి దగ్గర వాన అంటారే,
మేమూ అంతే, స్కేలు పెట్టి గుడిని కొలిచి
జోస్యం చెబుతాం.

మొదటి పళ్లెంలో నాలుగు బిళ్లలకు గుళ్లున్నాయి,
రెండింటికి లేవు.
రాతి మొదలంటా గడ్డి మొలిచినట్టు
బిళ్ల అంచు దాకా తెల్లటి పెరుగుదల.
రెండోదీ అంతే.
నలభైలో ఇరవై ఆరు.

ఫోన్ చేశాను.
"ఏ పందికి బాగాలేదు?" అన్నాడు ఐవిన్.
ఏ పందికీ కాదు.
"మరి ఫోనెందుకు?"

ఆ మందు ఆపి తొమ్మిదేళ్లయిందన్నాడు.
అంతకు ముందో?
వెనక మేత యంత్రం ఆగే దాకా మాట్లాడలేదు.
"మామగారి రోజుల్లో, పసుపు పొడి.
పారతో మేతలో కలిపేవాళ్లం.
పిల్లలు గబగబా బరువెక్కేవి.
కలిపింది నేనే."
ఒప్పుకున్నట్టు కాదు, తప్పించుకున్నట్టూ కాదు,
అమ్మేసిన ట్రాక్టరు గురించి చెప్పినట్టు చెప్పాడు.

మనం మందును మర్చిపోయాం, అవి మరవలేదు.
మన ఒక్క నిద్రలో వాటికి ఎన్ని తరాలో!
ఎవరి పొట్టా నొప్పించకుండా
పొరుగింట నిప్పు అడిగి తెచ్చుకున్నట్టు
ఒకదాన్నించి ఒకటి ఆ విద్య తెచ్చుకుంటూ,
ఇచ్చినదాని పొయ్యి ఆరకుండా.
ఇదంతా అతనికి చెప్పాను.
నలభై ఒకటి గురించి చెప్పలేదు.
అప్పటికి దాన్ని తీయలేదు,
చివరి అంకె కదా అనుకున్నాను.

సాయంత్రం దీపం కింద పెట్టాను.
స్కేలు చేతిలోకి తీసుకున్నాను.
ఆ రెండు బిళ్లల దగ్గర
కొలవడానికి ఏమీ లేదు.

ఏ దొడ్లో అంటిందో, ఏ పచ్చి ఆకులోనో,
ఏ ప్రయాణంలో ఏ నీళ్ల గ్లాసులోనో.
అది చెప్పదు.
నాకు జ్వరం లేదు. ఆకలి బాగానే వేస్తోంది.
మధ్యాహ్నం రై రొట్టె మీద
ఊరవేసిన చేప పెట్టుకుని రెండు ముక్కలు తిన్నాను.
రికార్డులో రాయాల్సింది రాశాను:
నలభై ఒకటి. స్త్రీ. ఆరోగ్యవంతురాలు.

రెండు రోజులకు వియోరికా నుంచి మెసేజి,
అక్షరాల తప్పులతో, డేనిష్‌లో:
"రోజూ రెండుసార్లు స్నానం చేసే వస్తాను, పోతాను.
అయినా నాదీ ఒకసారి చూస్తావా?
మార్చిలో పాప పుడుతుంది."

గొట్టం మీద నలభై రెండు అని వేశాను.
కవరు మీద అడ్రసు రాశాను.
అతికించకుండా
అలాగే చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.