కాళయుక్తి

పర్లాకిమిడి కోర్టులో గొలుసుకట్టు రాత చదవగలిగినవాణ్ణి
ఇక నేనొక్కణ్ణే.
కింతలి దుర్గాసి, డెబ్భై ఒకటి, మాజీ నకళ్ళ గుమాస్తా.
పాత మద్రాసు కాగితం ఏది బయటపడ్డా
డవాలా బంట్రోతు సైకిలేసుకుని మా వీధికొస్తాడు.

ముప్ఫై ఆరులో సరిహద్దు జరిగింది.
మనుషులు జరగలేదు, కాగితాలు జరగలేదు.
వాటిని చదివే కళ్ళే
ఒక్కో జతా మహేంద్రతనయ ఒడ్డున కాలిపోయాయి.

దావా చిన్నది.
సెరంగో పైన ఓ కొండవాలు, పదకొండు చింతచెట్లు.
వాది సొంపాని రైతా, సవర మనిషి, వేలిముద్ర.
ప్రతివాది తంగుడు వారి మునిమనవడు, చేతిలో దస్తావేజు.

దస్తావేజంటే పార్సీలో చేత్తో పట్టుకు వేలాడేదట.
కొలువులో చేరిన కొత్తల్లో సిరస్తాదారు సాయిబు చెప్పాడు.
ఫిర్యాదంటే కేక.
సాక్షి అంటే కళ్ళున్నవాడని మా నాన్న.
కోర్టంటే దొరల ఊళ్ళో గోడ కట్టిన వాకిలేనట.
ఏలినవాళ్ళు పోతూ పోతూ తలో మాట వదిలిపోయారు.
మేం అన్నిటినీ ఒకే దారంతో కుట్టి
లక్కముద్ర వేసి బీరువాలో పెట్టాం.
ఆ కట్టకే చట్టమని పేరు.

పదిహేడులో ఒక చట్టం వచ్చింది:
ఏజెంటు దొర సెలవు లేనిదే
కొండవాళ్ళ నేల కిందివాళ్ళ చేతికి పోదని.
ఈ కాగితం మీద పంతొమ్మిది వందల పది పైన
ఆఖరి అంకె చెమ్మకి ఉబ్బింది.
ఇటు చూస్తే ౬. అటు చూస్తే ౮.
ఆరైతే చెట్లు తంగుడు వారివి.
ఎనిమిదైతే ఆమెవి.
మధ్యన చెద తిన్న నువ్వుగింజంత చోటు.

టీకొట్టు దగ్గర మునిమనవడు భుజం మీద చెయ్యేశాడు.
"మనం మనం తెలుగోళ్ళం గదా మావా,
ఆ అంకె కాస్త చూసి చదువు."
వాళ్ళ కొట్లో నాకు ఖాతా ఉంది.
రెండు నెలల బియ్యం బాకీ.
ఆ మాట రికార్డులోకి ఎక్కదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నాకన్నా ముందు ఆమె బోనెక్కింది.
ప్రమాణం అనగానే దిగొచ్చి, వంగి, నేలని తాకింది.
జడ్జిగారు ఏమీ అనలేదు.
టైపిస్టు దాన్ని కొట్టలేదు.

తరవాత నేను. నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను.
ఎన్నివందలసార్లు ఆ వాక్యానికి నకలు తీశానో,
నోటితో అనడం మాత్రం ఇదే మొదలు.
నాలిక ఎండింది.

"పఢంతు" అన్నారు జడ్జిగారు.

అంకె చదవలేనమ్మా, చెరిగింది, అన్నాను.
ఒడియాలోనే అన్నాను.
మునిమనవడి మొహం విప్పారింది.
అప్పుడు దొరికింది, పై వరసలో,
అక్షరం అక్షరం మెడ పట్టుకుని పాకుతున్న చోట,
ప్లీడర్లెవరూ కన్నెత్తి చూడని పంచాంగం మాట:
కాళయుక్తి నామ సంవత్సర కార్తీక బహుళ పంచమి.

పదహారు నల. పదిహేడు పింగళ.
అరవై పేర్లూ మా నాన్న బెత్తంతో నేర్పాడు,
తప్పిన ప్రతి పేరుకీ అరచేతి మీద ఒకటి.
కాళయుక్తి పద్దెనిమిది.

ప్లీడరు లేచాడు:
"ఏడాదికి పేరేటండీ? ఇది రుజువా, పిట్టకథా?"
ఆయన అడగడమూ న్యాయమే.
అవతలివాడు అడగకుండా తేలిన నిజాన్ని
ఎవడు నమ్మాలి?
పాత పంచాంగం దాఖలు చెయ్యమని ఉత్తర్వు. వాయిదా.

వాయిదా కూడా ఆ సాయిబు చెప్పిన మాటే.
అసలు అర్థం మాట ఇవ్వడమట.

మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ
ఎప్పుడన్నట్టు చూసింది సొంపాని.
పది వేళ్ళు చూపించాను, మళ్ళీ నాలుగు.
ఆమె నా చేతులు రెండూ పట్టి నిలిపి
ఒక్కో వేలూ తాకుతూ
మొదటినుంచి తనే లెక్కపెట్టుకుంది.