బహుళాష్టమికి ఒక టికెట్టు

గ్యాస్ బిల్లు వెనక రాసుకున్నాను లెక్క.
పెర్త్ దాకా బస్సు. అక్కణ్ణించి విమానం, వారానికి రెండే.
దాని ధరకి మా కటానింగ్‌లో
ఒక పాత కారొస్తుంది, టైర్లు అరిగినది.

ద్వీపం పేరు క్రిస్మస్.
నేను వెళ్ళేది పండక్కి కాదు, పీతలకి.
కోట్ల ఎర్రపీతలు అడవి దిగి
సముద్రానికి నడిచే ఆ నాలుగు రోజులకి.

ఎప్పుడు దిగుతాయని రొకియాని అడిగాను.
ఆస్పత్రి లాండ్రీలో దుప్పటికి ఆ కొస ఆవిడది, ఈ కొస నాది.
పుట్టింది ఆ ద్వీపంలోనే, ఫాస్ఫేటు గని క్వార్టర్స్‌లో.
వాళ్ళాయనకి ఇక్కడి గొర్రెల కబేళాలో పని దొరికితే
ముప్పై ఏళ్ళ కిందట వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు.
"తొలివాన పడ్డాక," అంది, "చంద్రుడు సగం అరిగాక,
తెల్లారకముందు, పోటు వెనక్కి తిరిగే వేళ
గుడ్లు వదులుతాయి."
మడత నా చేతిలో పెట్టి,
"అంతకన్నా కావాలంటే పీతనే అడుగు."

ఇంటికొచ్చి ఫోన్లో పంచాంగం తీశాను.
ఇన్నేళ్ళుగా అందులో చూసింది రాహుకాలం ఒక్కటే,
అదీ కారు లోను సంతకం రోజున.
సగం అరిగిన చంద్రుడంటే బహుళాష్టమి.
కార్తీకంలో ఒకటి, అది తప్పితే మార్గశిరం.
నాకన్నా ఆ పీతలకే తిథులు బాగా తెలుసు.
పీత కూర ముట్టని నెల కదా కార్తీకం,
మొహమాటం లేకుండా కళ్ళలో కళ్ళు పెట్టి చూడొచ్చు.

హోటలు కొట్టేశాను.
రొకియా చెల్లెలి మరిదికి గ్యారేజీలో మడతమంచం ఉంది.
కారద్దె కొట్టేశాను:
పీతలు దిగితే రోడ్లు మూసేస్తారట,
దిగకపోతే కారెక్కి చూసేదేముంది?
కందిపొడి, అటుకులు, చిన్న కుక్కరు.
అక్కడ క్యాబేజీ కూడా నాలాగే
విమానమెక్కి దిగుతుందట, ధర అడగొద్దంది.

ఇక మిగిలింది టికెట్టు.
తేదీ మార్చుకునేదైతే నూట తొంభై డాలర్లు ఎక్కువ.
మార్చలేనిది చౌక.
వాన ఆలస్యమైతే పీత ఇంకో నెల ఆగుతుంది.
నా సెలవు ఆగదు.
సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు గానీ
రెండూ ఒకే మబ్బుకి వేలాడే సంగతి
ఎవరూ చెప్పలేదు.

పైగా నవంబరంటే ఇక్కడ గోధుమ కోతలు.
పక్కింటి క్లైవ్ ఇప్పట్నించే ఆకాశాన్ని బెదిరిస్తున్నాడు,
ఒక్క చుక్క పడకూడదని.
"పడకూడదు" అంటాను నేనూ, కంచె మీద చేతులాన్చి,
మూడువేల కిలోమీటర్ల అవతల
కుండపోతగా పడాలని కోరుకుంటూ.

"నువ్వూ రా" అన్నాను రొకియాతో,
ఇద్దరికెంతవుతుందో ముందే వేసి, మడిచి, జేబులో పెట్టుకుని.
నవ్వింది.
"పొయ్యి కింద పీత, చెప్పులో పీత,
బడికెళ్ళే ముందు గుమ్మం ఊడ్చింది నేనే.
డబ్బిచ్చి మరీ చూడాలా?"
దిండు గలీబుల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మార్చలేనిదే కొన్నాను. కార్తీకం.

మర్నాడు షిఫ్టుకి ఆవిడ ఒక దంతె తెచ్చింది,
పళ్ళు వంగినది, కర్ర చేతుల్లో నున్నబడినది.
"రోడ్డు మీంచి పక్కకి జరపడానికి.
వెనకనుంచి నెట్టు. మెల్లగా.
భయపెడితే కాలు వదిలేసుకుంటాయి."
ఇంకేం అనలేదు. మిషన్లో నీళ్ళు తిరుగుతున్నాయి.
ముప్పై ఏళ్ళు ఎక్కడ దాచిందో, అడగలేదు.

ఇంటికి తెచ్చి కొలిచాను.
పెట్టెకన్నా జానెడు పొడుగు.
పెద్ద సామానుకి విమానం వాళ్ళడిగేది
గ్యాస్ బిల్లులో ఎక్కడా పట్టదు.

కర్ర కొయ్యాలి. రంపం క్లైవ్ దగ్గరుంది.
ఎందుకని అడిగితే
వాన కోసమని ఎలా చెప్పను?