గుండ్రం పిన్ను

రాత్రి 'మ' పడలే.
తెల్లారేసరికి దాని తోటి 'న', 'వ' కూడ మొండికేసినయి.
కీబోర్డును బోర్లేసి తడితే
పదకొండేండ్లు రాలినయి చాప మీద:
సకినం తునక, జీలకర్ర, పెన్సిలు పొట్టు,
మా పిల్లగాని గోరు ముక్క,
ఇంకా మెరుస్తున్న జరీపోగొకటి,
రెండు చచ్చిన చీమలు, నడుసుకుంట పోయిన ఒక చీమ.

బుచ్చిరెడ్డి సారు ప్రశ్నపత్రం రేపటికియ్యాలె.
చండూరుల నల్లగొండ బస్సెక్కిన,
ఒళ్లె పాత తువ్వాలల చుట్టిన కీబోర్డు.
పక్కసీటామె అడిగింది, "దవాఖానకా?" అని.
ఊఁ అన్న.

ప్రకాశం బజార్ల మొదటోడు
అద్దమంత పలచటిది ముందట పెట్టిండు.
కింద నుంచి లైట్లు, ఎర్రయి, నీలయి.
వేలు పెడితే
ఇంకో మెట్టుందనుకొని కాలేసి తూలినట్టయింది.
రెండోడు దీనికి వైరే ఉండదన్నడు, గొప్పగ.
మా ఇంటి డబ్బాకు వైరు లేని మాట ఎక్కదు నాయనా,
దాని వెనుక రెండు గుండ్రం తొర్రలు,
ఒకటి ఆకుపచ్చది, ఒకటి వంకాయరంగుది.
నాకు వంకాయరంగుది కావాలె.
"అక్కా, అది నేను పుట్టకముందుది" అని నవ్విండు.
నిజమే కావచ్చు, మూతి మీద ఇప్పుడిప్పుడే నూగు.
"డబ్బానే మార్చరాదు?" అన్నడు మళ్ల.
మారిస్తే
తెరిచినప్పుడల్లా కనపడే ఆ పచ్చగుట్ట ఎటు పోవాలె?
మా నల్లగొండ చుట్టుముట్టు ఎక్కడ వెతికినా
అసొంటిది ఒక్కటి లేదు.

ఖదీర్ భాయ్ నవ్వలే.
అటక మీది గోనెసంచి దించి నేల మీద గుమ్మరించిండు.
ఇరవై దాకా ఉంటయి,
ఎండలో పసుపుబారినయి, పండ్లూడినయి,
మూసేసిన ఇంటర్నెట్ సెంటర్లయి,
ఏదో బడిది, మీద 'ల్యాబ్ 7' అని తెల్లరంగుతో.
కూసోని ఒక్కొక్కటి ఒళ్లె పెట్టుకున్న.
కుండ కొనేటప్పుడు చూసినట్టు
కొట్టి విన్న.
ఒకటి బొంగురు. ఒకటి పగిలినట్టు.
ఒకదానికి స్పేస్ బారు కొడితే లేవనే లేవదు,
పండుగ తెల్లారి మా మరిది లెక్క.

బడిది బాగ మోగింది.
కండ్లు మూసుకొని
ఎఫ్ మీద, జె మీద ఉండే చిన్న గీతలు తడుముకున్న.
అవి దొరికితే మిగిలిన ఊరంత దొరికినట్టే.
అక్షరాలు సగం అరిగినయి, అరగనీ,
నేను చూసి కొట్టేదాన్నా?
ఎంతమంది పిల్లలు ఎవరి పేర్లు కొట్టుకున్నరో దీని మీద.
నూట యాభై అన్నడు, నూటికిచ్చిండు.
పాతదాన్ని అక్కడ్నే పెట్టమన్నడు,
ఎవరికన్న ఒక మీట పనికొస్తదట.
తువ్వాల మాత్రం తెచ్చుకున్న.

ఇంటికొచ్చి డబ్బా బందుజేసి, వంకాయరంగు చూసి గుచ్చి,
మళ్ల పెట్టిన. పచ్చగుట్ట వచ్చింది.
కొట్టుడు షురూ చేసిన.
గోడవతల మగ్గం ఆగింది.
"నాడె మార్చినవా ఏంది?" అన్నడు మా ఆయన,
"చప్పుడు వేరేగున్నది."
మార్చిన అన్న.
"రెండు రోజులు మొరాయిస్తది, అటెనుక చేతికొస్తది."
మగ్గం మళ్ల మొదలైంది.

'మ' పడింది. 'న', 'వ' పడ్డయి. ఒత్తులు పడ్డయి.
ఒకటో ప్రశ్న: ఖాళీలను పూరింపుము.
గీత కొట్టిన. పడలే.
ఇంకోసారి, బొటనవేలుతో.
అన్నీ కొట్టి చూసిన దుకాణంల,
ఆ ఒక్క మీట మరిచిపోయిన.

సారుకు ఫోన్ చేసిన:
"సార్, ఈసారి ఖాళీలకు గీతలు రావు.
చుక్కలు పెడుత. పిల్లలకు జర చెప్పుండ్రి."