ఒక్కటి వంకరగా

గుండుసూదులు పళ్ళ మధ్య బిగించి మాట్లాడేది ఒతీలియా.
అందుకే ఆమె నేర్పిన పాఠాలన్నీ
సగం సగం మాటలే.
"దీపం... పక్కనుంచి.
నడినెత్తిన పడితే
బొమ్మ కూడా శవమే, మాల్వీనా."

వూచ్ నగరం, పియోత్ర్‌కోవ్‌స్కా వీధి.
జోళ్ళకొట్టు అద్దం వెనక
నా జోళ్ళు విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో
పిల్లిలా నడుస్తూ
నాలుగు చలికాలాలు ఆమె దగ్గర పని నేర్చుకున్నాను.

అద్దం దాటిపోడానికి
దారినపోయేవాడికి ఏడడుగులు చాలు.
మూడు అడుగులు వాడి దిగులువి,
నాలుగోది నీది.
ఆ ఏడడుగుల్లోనే పెళ్ళి కుదరాలి,
లేదంటే ట్రాము వచ్చేస్తుంది.

ఒక్క జోడు కనబడాలంటే
పది జోళ్ళు తీసెయ్యమనేది.
తీసేశాక మిగిలిన ఖాళీని
తుడిచి, సర్ది, దానికీ ఒక దీపం పెట్టేది.

ఎనభై ఒకటిలో తీసెయ్యడానికే ఏమీ లేదట.
సర్కారు కొట్టులో అరలన్నీ వినెగర్ సీసాలు.
మాంసం లేదు, సబ్బు లేదు, దారపుండ లేదు,
ఎటు చూసినా ఆ పుల్లటి నీళ్ళు.
పండక్కి అద్దం అలంకరించమన్నాడు మేనేజరు గ్షెలాక్,
నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో.

ఆమె నీలం సెల్లోఫేన్ తెచ్చింది.
పగిలిన అద్దం ముక్కలు తెచ్చింది.
మెట్ల దగ్గరి బల్బు
ఎవరినీ అడక్కుండా తెచ్చింది.
రెండు వందల సీసాలు వరసలు వరసలుగా వంచి నిలబెట్టి
రాత్రంతా పని చేసి
తెల్లారేసరికి
సముద్రం చేసింది.

నదుల్ని కూడా నేలకింద పూడ్చేసుకున్న ఊరు మాది.
జనం ఆగారు.
ఆగినవాళ్ళని చూసి ఇంకొందరు ఆగారు.
ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ
క్యూ అయిపోయే రోజులవి.
నలభై మంది.
"లోపల ఏమిచ్చి పంపను వీళ్ళని?" గ్షెలాక్ అరిచాడు.
పైన పటారం, లోన లొటారం.
"నాకిచ్చింది అద్దం. అద్దం వరకూ చేశాను" అందిట.

పచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ
సీసా కొనుక్కెళ్ళి
మర్నాడు తిరిగొచ్చింది.
"ఇంట్లో ఇలాంటివే పదకొండున్నాయి.
నేను కొన్నది ఇది కాదు" అంది.
ఒతీలియా ఒక అద్దం ముక్క తీసి
కాగితంలో చుట్టి ఇచ్చింది.
సముద్రంలో ఆ చోట
పండగ అయిపోయేదాకా చిన్న చీకటి.

ఇప్పుడు నా కొట్టులో అన్నీ ఉన్నాయి.
గుమ్మం మీద ఒక కన్ను ఉంది, ఎందరొచ్చారో లెక్కపెడుతుంది.
ఎందరు ఆగారో దానికి తెలీదు.
కొత్త యజమాని తెరలు పెట్టమంటాడు,
ధరలు కదలాలంటాడు,
ఎర్రటి అక్షరాలు, ఇంకా ఎర్రగా.
నిన్న రాత్రి పదకొండింటికి
అన్నీ ఆయన చెప్పినట్టే పెట్టి
మోకాళ్ళ మీద కూచుని చూశాను.
ఎంత సరిగ్గా ఉందో,
చూపు ఎక్కడా ఆనక
తడి గచ్చు మీద కాలిలా జారిపోయింది.

అద్దం మీద గోటి చప్పుడు.
ఎనభై మూడేళ్ళ ఒతీలియా,
చేతికర్ర, మంచు పట్టిన టోపీ.
ఇంత రాత్రప్పుడు ఏం చేస్తోందని అడగను, ఆమె నిద్ర అంతే.
మాట వినబడదు.
నోట్లో సూదులు లేకపోయినా ఇప్పుడూ సగమే.
చూపుడువేలు మాత్రం అంటోంది:
ఎడమకి. ఇంకా. కాదు, ఆ మడమ.

ఒక్కటి వంకరగా పెట్టు అనేది ఎప్పుడూ,
పసిదాని బుగ్గన దిష్టిచుక్కలా.
సరిచేద్దామని చూసేవాడి చెయ్యి ముందు కదులుతుంది,
చెయ్యి వెనక మనిషి వస్తాడు.

గోధుమరంగు జోడులో కుడిదాన్ని
కొంచెం వాల్చాను,
ఎవరో ఇప్పుడే విడిచి లోపలికెళ్ళినట్టు.

ఆమె తల ఊపలేదు. చూస్తోంది.
ఆమె ఏం చూస్తోందోనని
సైకిలు దిగాడొక కుర్రాడు.
ఆఖరి ట్రాము తప్పిన ఇద్దరు నర్సులు వచ్చి
వాడి భుజం మీదుగా తొంగిచూశారు.
మంచు పడుతూనే ఉంది.
కొట్టు మూసే ఉంది.
గుమ్మం మీది కన్ను
సున్నా దగ్గరే నిలబడి ఉంది.