రవంత బిగువు

శని దొరికింది సరే,
నిలవదే!
గొట్టాన్ని వెంట్రుకవాసి జరుపుదామని వేలు ఆనిస్తే
ముందు మొండికేస్తుంది.
ఇంకొంచెం తోస్తే
కిర్రుమని ఒక్క దూకు.
వలయం లేదు, శని లేదు,
కటిక నలుపు.

పటాలు కట్టే అంగడి నాది, పుత్తూరు రైలుగేటు పక్కన.
పెళ్ళి ఫోటోలకి, వెంకన్న పటాలకి
చట్రాలు కోసిన చేత్తోనే ప్లైవుడ్డు పెట్టె కోశాను.
ఆరంగుళాల అద్దం, పీవీసీ గొట్టం,
రెండు పక్కలా చెవుల్లాగా డ్రైనేజీ మూతలు.
మూలమట్టం తప్పలేదు. అతుకు కనపడదు.
కదలడం ఒక్కటే రాలేదు దానికి.

కొబ్బరినూనె రాశాను. రెండ్రోజులు బాగుంది,
మూడోనాటికి దుమ్ము తాగి జిడ్డయింది.
పౌడరు చల్లాను. మా ఆవిడ డబ్బా దాచేసింది.
మోపెడ్ చక్రం బేరింగు వేశాను,
అది మరీ చోద్యం:
నారాయణవనం వైపు నుంచి గాలి వీస్తే చాలు,
నేను పడమర పెట్టింది తూర్పు చూసేది.

నగరిలో మరమగ్గాలు బాగుచేసే ఆర్ముగం
టీ తాగుతూ అంతా విని జేబులోంచి తీసిచ్చాడు
తెల్లటి టెఫ్లాన్ బిళ్ళ, అరిగిన సబ్బు మాదిరి.
"నూనె అడగని సరుకు సామీ. మూడు ముక్కలు చాలు.
నాలుగు పెడితే ఒకటి గాల్లోనే ఉంటాది, కుర్చీ కాలట్ల."

మూడు కోసి, మేకుల తలలు లోపలికి దిగేసి,
వాటి మీద తిరిగే పలకకి సన్మైకా అతికించాను.
నున్నది కాదు, గరుకుది.
జారడానికి గరుకేమిటని నాకూ అనిపించింది గాని
నున్నటిది నున్నటిదాన్ని ఎట్లా కరుచుకుంటుందో
అద్దాలు దొంతర పెట్టేవాడికి
ఒకరు చెప్పాలా?

సగం కుదిరింది.
మొదటి తోపులో మొరాయింపు మాత్రం పోలేదు.

ఆ నెల్లోనే నిచ్చెన జారి మణికట్టు విరిగింది.
గుడ్డుసొన, ఆకుపసరు, వెదురుబద్దలు.
ఆరో వారం కుప్పమ్మవ్వ కట్టు విప్పి
నా చెయ్యి తన తొడమీద పెట్టుకుని తిప్పింది.
కళ్ళల్లో శుక్లాలు, వేళ్ళతోనే చూస్తుంది.
"బిగిస్తే కీలు చచ్చిపోతాది. వదిలేస్తే వాగతాది.
రవంత బిగువుండాల.
కదలబోయేటప్పుడు ఎంతో, కదులుతా ఉన్నప్పుడూ అంతే.
తేడా వచ్చిందా, ఆడ నొప్పి ఉన్నట్టు."

ఇంటికొచ్చి ఎడంచేత్తో పెట్టె విప్పాను.
ముక్కలు మరీ అంచున ఉన్నాయి.
ఇరుసు వైపు నాలుగు వేళ్ళు జరిపాను.
ఒక్కోదాన్నీ సగానికి కోశాను.
పాలపాకెట్టు కవరు గుండ్రంగా కత్తిరించి
నడిబోల్టు చుట్టూ మూడు పొరలు వేశాను,
కొంత బరువు అదీ మొయ్యాలని.
సన్మైకాకి స్కూటర్ పాలిషు పట్టించి
గుడ్డతో అరగంట.

ఆ రాత్రి మిద్దె మీద
చిటికెన వేలు ఆనించాను. కదిలింది.
వేలు ఆగితే ఆగింది.
శని ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిషంలో పోతుంటే
వెనకే నేను,
మేస్తూ పోయే ఆవు వెనక నడిచినట్టు,
తొందరేమీ లేకుండా.

మరుసటి వారం కుప్పమ్మవ్వను మిద్దెక్కించాను.
"నాకేం అగపడతాది లే నాయనా."
కటకం దగ్గరికి వంగనే లేదు.
గొట్టం నడుమున అరచెయ్యి వేసి
పైకి, కిందికి, అటు, ఇటు,
ఆ కాస్త చూపూ మూసుకుని.
నడినెత్తికి ఎత్తి తిప్పబోయి ఆగింది.
"ఈడ ఇంకా పట్టతా ఉండాది."

నిజమే. నడినెత్తిన పట్టెయ్యడం
ఈ రకం పెట్టెలన్నిటికీ ఉన్న జబ్బేనని
చెప్పబోయాను.
అప్పటికే ఆమె రెండో చెయ్యి
పెట్టె అడుగున తడుముతోంది,
విరిగింది ఎక్కడా అని.