ఆధారం: పదకొండో పేజీ

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన వెంటేసుకుని
మునికన్నయ్య వచ్చినాడు, కొంగారెడ్డిపల్లెలో మా ప్రెస్సుకి.
చంకలో గోనెసంచి, సంచిలో పదహారు కాగితాలు.
"తేలిపోయిందమ్మా, నల్లగుట్లపల్లె వీరగల్లు ఎవురిదో!"
సర్వే ఆఫీసులో ముప్పయ్యేళ్లు గొలుసు లాగిన చెయ్యి,
అక్షరాలు కూడా కొలిచి పాతిన హద్దురాళ్లే.

ఎర్రపెన్ను మూత తీసినాను.
"నిస్సందేహంగా" కొట్టేసినాను.
"దేశంలోనే మొట్టమొదటి" కొట్టేసినాను.
"మా అవ్వ చెప్పేది" అన్నచోట మాత్రం చెయ్యి ఆగింది.
అవ్వ పేరు రాయి కన్నయ్యా,
ఏ ఊరామె, నువ్వు ఏ వయసులో విన్నావో రాయి.
అవ్వ అబద్ధం కాదు, సాక్షి.
సాక్షికి పేరుండాల.

ఆవుల్ని మళ్లించబోయి చచ్చిపోయిన మనిషి.
కత్తి ఉండాది, కొప్పు ఉండాది, కాళ్లకాడ రెండు ఆవులు.
పేరుండాల్సిన చోట
ఎవరెవరో కొడవళ్లు నూరుకున్నారు, తరాల తరబడి.
ఆ నునుపులో వేలు జారుతుంది
మూడక్షరాల మేర.

"మరి పేరెట్టా తెలిసింది?"
జవాబు తెలిసిన పిల్లోడిలా నవ్వి
చివరి కాగితం తిప్పినాడు.
ఆధారం: పదకొండో పేజీ.
మా పత్రికే. ఇరవై ఆరేళ్ల నాటి సంచిక.
రాసింది నేను.

అప్పట్లో నాకు తొందర.
సాయంత్రం ఏటవాలు ఎండ రాయి మీద పడి
మూడక్షరాలు కనిపించినట్టే అనిపించింది.
"అనిపించింది" అని రాయలేదు.

ఆ పేరుతో ఊరి ముందర ఆర్చి లేచింది.
ఆ పేరుతో ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు.
ఆయన మావాడంటే మావాడని
రెండు వీధులు మాట్లాడుకోవడం మానేసినాయి.
నా ఊహే ఊరంతా తిరిగి
గోనెసంచిలో కూచొని
రుజువై నా బల్ల మీదికి వచ్చింది.

మునికన్నయ్య టీ ముట్టలేదు.
"అయితే ఆర్చి?" అన్నాడు, గడప దాటుతూ.
అంత పెద్ద ఎర్రపెన్ను నా దగ్గర లేదు.

సవరణ మొదటి పేజీలోనే వేస్తున్నా,
లోపలెక్కడో మూలన, చీమతలకాయంత అచ్చులో కాదు.
తప్పు ఏ సైజులో పడిందో దిద్దుబాటూ ఆ సైజే.
షాహీనా టైపు చేస్తా చేస్తా అడిగింది:
"మేడం, పేరు దగ్గర మూడు చుక్కలు పడినాయి, తీసేద్దునా?"

వద్దు, ఉండనీ.

ముగ్గుకి చుక్కలు పెట్టి
గీత కలపకుండా లేచిపోతే మా అమ్మ తిట్టేది.
పెట్టినానమ్మా.
కలపకుండానే లేస్తున్నా.